తలలు తీసే పెద్దమనిషి

ఆయన ఫోటో తీస్తే అందులో ఎవరికీ తల ఉండదు. చొక్కా గుండీలు ముద్దుగా మెరుస్తుంటాయి, చేతి మీద గీతలు కూడా చదువుకోవచ్చు. తీరా మెడ దగ్గరికి వచ్చేసరికి మనిషి అయిపోతాడు. వీధివాళ్ళు ఆయనకు ‘తలారి’ అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. తల కొట్టేసినట్టయింది మాత్రం ఆయన భార్యకు.

ఎందుకంటే ఆయన జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. ఆవగింజంత మరను పట్టకారుతో పట్టి దాని చోట కూర్చోబెట్టిన కన్ను అది. అలాంటి కంటికి గుమ్మడికాయంత తలకాయ ఎందుకు ఆనడం లేదో ఆవిడకు అంతుబట్టేది కాదు.

గ్రంథాలయం మేడమీద పొడుగాటి గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం వీధివాళ్ళు చేరేవారు. బొమ్మల టీచరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. ఫోన్లతో ఫోటోలు తీయడం, గొంతులు రికార్డు చేయడం, అన్నిటినీ కంప్యూటర్లో అతికి కదిలే బొమ్మలుగా చేయడం నేర్పేది. నేర్చుకున్నవాళ్ళు పక్కవాళ్ళకు నేర్పాలి. చివరికి అందరూ కలిసి ఒక సినిమా చేసి, ఎదురుగా ఉన్న లాండ్రీ గోడ మీద వేయాలి.

కిటికీ తెరలు దించి ప్రొజెక్టర్ పెడితే, ఆ వెలుగులో ధూళి బంగారు పొడిలా నెమ్మదిగా తేలేది. మాటలు వాటంతటవే మెత్తబడేవి. పొద్దున్నుంచీ పడ్డ చాకిరీ ఎవరిదో అనిపించేది. సరిగ్గా అప్పుడు తెర మీద తలారిగారి ఫోటో పడేది.

“ఇదెవరు బాబాయ్‌గారూ?” అనేది టీచరమ్మ.

“పోస్ట్‌మ్యాన్.”

“ఎలా తెలుస్తుంది?”

“సంచీ ఉందిగా!”

“మరి తలేదండీ?”

“ఉత్తరాలివ్వడానికి తలెందుకమ్మా?”

“మా ఆఫీసులో కూడా అదే అంటారు” అనేవాడు వెనక నుంచి పోస్ట్‌మ్యాన్.

బేకరీ యజమాని ఒక ఆదివారం మీసానికి నూనె రాసి, మెలితిప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా దాన్ని భద్రంగా మోసుకొచ్చాడు. తెర మీద ఆయన బొజ్జ పున్నమి చంద్రుడిలా ఉదయించింది.

“నా మీసమేదయ్యా?”

“బొజ్జ కూడా మీరు పెంచిందేగా! దానికి మాత్రం సరదా ఉండదా?”

ఇంటికెళ్ళాక భార్య అందుకునేది. “ఫోన్ కాస్త పైకెత్తితే మీ సొమ్మేం పోయింది? అందరూ తలా ఒక మాట అంటున్నారు.”

“తలా ఒకటి అంటున్నారంటే, తలలు క్షేమంగానే ఉన్నట్టేగా!”

సినిమా వేసే రోజు దగ్గరపడింది. చివర్లో అందరి ముఖాలూ వరసగా రావాలంది టీచరమ్మ. “ఈ ఒక్కదానికీ ఫోటోలు ఇంకెవరైనా తీస్తారు బాబాయ్‌గారూ, ఏమీ అనుకోకండి” అని నొచ్చుకుంటూనే చెప్పింది.

ఏనాడూ గొంతు పెంచని మనిషి లేచి నిలబడ్డాడు. “వద్దమ్మా. నేనే తీస్తాను.”

గదంతా గొల్లున నవ్వింది. ఆయన భార్యకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇవాళ ఈయన పని పట్టాల్సిందేనని వెళ్ళి భర్త భుజం వెనక నిలుచుంది.

ముందు బేకరీ ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆవిడ ఫోన్‌లోకి తొంగిచూసి నోరు తెరిచింది. ముఖం నిండుగా ఉంది. మీసం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. కిటికీ వెలుగు చెంప మీద వెన్న రాసినట్టు పడుతోంది. ‘నొక్కండి’ అనబోయింది. ఆయన మెల్లగా, ఎంతో జాగ్రత్తగా ఫోన్ కిందికి దించి, అప్పుడు నొక్కాడు.

“ఏమండీ! చేతకాక కాదన్నమాట!” అంది చెవిలో.

 ఆయన చూపు చివరి వరసకు వెళ్ళి వచ్చింది. అక్కడ దర్జీ ఆవిడ కూర్చుని ఉంది, శాలువా ముక్కుదాకా కప్పుకుని. జబ్బుచేసి లేచాక ఆమె ముఖం ఒక పక్కకు వాలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది భార్యకు. మొదటి రోజు టీచరమ్మ “ఒకరి ముఖం ఒకరు తీద్దాం” అనగానే దర్జీ ఆవిడ సంచీ పట్టుకుని లేచింది. ఆమె తలుపు దాకా వెళ్ళేలోపు తెర మీద ఈయన గబగబా తీసిన మొట్టమొదటి మొండెం పడింది. గదంతా విరగబడి నవ్వింది. తలుపు దగ్గర ఆమె కూడా నవ్వింది. నవ్వి, వెనక్కి వచ్చి కూర్చుంది. ఆ తరవాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

“నాతో ఒక్క ముక్క చెబితే ఏం?” అంది భార్య.

“చెబితే నువ్వు తిట్టడం మానేస్తావు. అందరికీ అనుమానం వస్తుంది.”

ఆవిడ తిన్నగా టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. “అమ్మాయ్, మా ఆయన ఈ జన్మకు మారడు. తలలు లేకుండానే కానిచ్చెయ్.”

టీచరమ్మ ఆయన ఫోటోలన్నీ వరసగా పెట్టి చాలాసేపు చూసింది. “అయ్యో, ఇన్నాళ్ళూ లేనివాటి కోసం వెతికాను. ఎన్ని చేతులున్నాయో చూడండి!” అంది.

సినిమా రోజు మునిమాపు వేళ లాండ్రీ గోడ మీద చేతులు తేలాయి. పిండిలో మునిగే చేతులు, ఉత్తరం అందించే చేతులు, నీళ్ళలో చేపల్లా మెల్లమెల్లగా కదిలాయి. వాటి వెనక వీధి గొంతులన్నీ నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు వినిపించాయి. ఆ తరవాత ఇల్లంత ఎత్తున రెండు చేతులు వచ్చి సూదిలో దారం ఎక్కించాయి.

“మన దర్జీ ఆవిడే!” అని అరిచారెవరో. వీధంతా చప్పట్లు కొట్టింది.

జనం పలచబడ్డాక ఆమె వచ్చింది. “అన్నయ్యా, నాకొకటి తియ్యండి.”

“చేతులేగా అమ్మా?”

“కాదు. తలతో.” శాలువా గడ్డం కిందికి లాగేసుకుంది.

 ఎక్కడ తల పొరపాటున తెగిపోతుందోనని ఆయన ఫోన్ పైకెత్తాడు, ఇంకాస్త ఎత్తాడు, ఎత్తి నొక్కాడు.

ముగ్గురూ వంగి చూశారు. ఫోటో అడుగున, గడ్డం అంచుకు ఆనుతూ ఆమె ముఖం, ఒక పక్కకే విచ్చుకున్న నవ్వు. మిగతాదంతా చీకటి పడబోతున్న నీలం ఆకాశం.

“ఇంత ఆకాశం ఎందుకండీ?” అంది భార్య.

“ఉండనీ వదినా” అంది దర్జీ ఆవిడ, ఫోటో మీంచి చూపు తిప్పకుండా. “విశాలంగా ఉంది.”