తెగే దారం కావాలి

గాలం దారాల గురించి మాట్లాడే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. సెల్‌ఫోన్ తెరిస్తే చాలు, టోపీ పెట్టుకున్నవాడెవడో దారానికి ఇటుకరాయి కట్టి ఎత్తి చూపిస్తుంటాడు. ఇంకొకడు అదే దారంతో మోటర్‌సైకిల్‌ను లాగిస్తాడు. చివరికి వాళ్ళు పట్టే చేప అరచేయంత కూడా ఉండదు. అరచేయంత చేపకు మోటర్‌సైకిల్‌ను లాగే దారం దేనికని కింద రాశామా, నీకు వేటంటే ఏం తెలుసని అందరూ కలిసి మీద పడతారు. వాళ్ళ వీడియోలు చూసి చూసి నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు.

నా వేట పెద్దదేమీ కాదు. సన్నటి రాడ్డు, గుప్పిట్లో ఇమిడే రీలు, గోరంత ఇత్తడి రేకుకు తగిలించిన ఒక కొక్కెం. వానపాము, పిండిముద్ద ఏదీ అక్కర్లేదు. రేకును దూరంగా విసిరి మెల్లగా చుట్టుకుంటూ వస్తే అది నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది. పరిగెపిల్ల అనుకుని జిలేబి చేప వచ్చి కొడుతుంది. రేకుకు బరువు లేదు కాబట్టి దారం లావుగా ఉంటే విసిరినా ముందుకు పోదు, కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని ఈ వేటలో సగం పని దారం ఎంచుకోవడమే.

నేను కుప్పంలో ఉద్యోగం చేస్తాను. మా అక్కా బావా మదనపల్లెలో ఉంటారు. బావ ఊహ తెలిసినప్పటినుంచి పట్టుమగ్గం మీద కూర్చున్న మనిషి. షుగర్ ముదిరి కుడిచేతి వేళ్ళ కొసలకు స్పర్శ పోయింది. పోగు చిక్కుపడిందీ తెగిందీ వేలికి తెలియకపోతే నేయడం ఎట్లా? మగ్గం విప్పేశారు. ఆ రోజునుంచి బావ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. టీవీ అంటే అసహ్యం, చక్కెర లేని టీ అంటే అసహ్యం, వేళ్ళ వ్యాయామానికని ఇచ్చిన రబ్బరు బంతి అంటే మరీ అసహ్యం. దాన్ని కిటికీలోంచి వీధికుక్క మీదికి విసిరాడు. కుక్క కూడా దాన్ని ముట్టలేదు.

"ఒరేయ్, ఆ మనిషిని యాడికన్నా తీసుకోని పోరా. ఆయన్ని సూస్తాంటే నాకు పిచ్చెక్కేట్టుండాది" అని అక్క ఫోన్ చేసింది.

అట్లా బావను కుప్పానికి పిలిపించుకుని, ఊరి అవతల తవ్వి వదిలేసిన బండల గుంతకు తీసుకెళ్ళాను. నీళ్ళ మీద రాతిపొడి మీగడ కట్టి ఉంటుంది. దాని మీద సీసాలు, షాంపూ ప్యాకెట్లు, ఎవరో పారేసిన దిండు. అయినా చేపలున్నాయి. రీలు మీద మామూలు నైలాన్ దారం చుట్టి బావ చేతికిచ్చాను. నైలాన్ సాగుతుంది. చేప ముట్టిన సంగతి ఆ సాగుడులోనే సగం పోతుంది, మిగిలిన సగం తెలుసుకునే వేళ్ళు బావకు లేవు.

"కొట్టింది బావా, లాగు!"

"యాడ కొట్టింది? నాకేం తెలీలేదే." కాసేపటికి రాడ్డును రాళ్ళ మీద పడేశాడు. "నీ కట్టె నువ్వే పెట్టుకో. సచ్చిన సేతికి సేపలెందుకప్పా?"

నాకు ఉక్రోషం వచ్చింది. వీడియోలవాళ్ళందరూ ఒక్కమాటగా పొగిడే బ్రెయిడ్ తెప్పించాను. వెంట్రుకలాంటి పోగులను జడగా అల్లిన తెల్లటి దారం అది. నైలాన్ కంటే సన్నం, నైలాన్ కంటే గట్టి, బొత్తిగా సాగదు. బావ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అల్లిక బాగుండాది" అన్నాడు. మగ్గం విప్పేశాక ఆ నోటినుంచి నేను విన్న మొదటి మంచిమాట అదే.

ఆ దారంతో చేప తట్టిన తట్టు రాడ్డు వెంబడి నేరుగా అరచేతిలోకి వచ్చింది. అరచేతిలో బావకు ఇంకా స్పర్శ ఉంది. "తగిలిందిరా! అరసేతిలో తగిలింది!" అని అరిచాడు. ఆ తరువాత నేను పిలవకుండానే సెలవురోజున బస్సెక్కి కుప్పం వచ్చేవాడు. ఇంట్లో కంచం ముందు సణగడం తగ్గిందని అక్క సంబరంగా చెప్పింది. నాకు కూడా పట్టరాని సంతోషం. ఆ టోపీవాళ్ళను తిట్టడం కొన్నాళ్ళు ఆపేశాను.

ఒకరోజు రేకు నీళ్ళ అడుగున బండల సందులో ఇరుక్కుంది. ఎంత కదిలించినా రాలేదు. "ఉండు బావా, నేను అటుపక్కకు పోయి లాగుతా" అని నాలుగడుగులు వేశానో లేదో, బావ దారాన్ని చూపుడువేలికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

మగ్గం మీద పనికిరాని పోగును తెంచే పద్ధతి అది. కత్తెర వెతకడం ఎవరికి ఓపిక? వేలికి మెలేసి గుంజితే పట్టుపోగు పుటుక్కున తెగుతుంది. జన్మంతా అట్లాగే తెంచాడు. బ్రెయిడ్ తెగలేదు. మళ్ళీ గుంజాడు.

"ఏందిరా ఇది, తెగదే!" అని విసుక్కుంటూ ఇంకో చుట్టు చుట్టి మూడోసారి గుంజాడు. నేను వెనక్కి తిరిగేసరికి తెల్లటి దారం ఎర్రగా ఉంది. గావుకేక పెట్టాను. బావ చేతిని చూసుకున్నాడు, రాళ్ళ మీది చుక్కలను చూశాడు.

"ఎవురిదిరా ఈ నెత్తురు?" అని అడిగాడు.

ఆ మాట నా చెవుల్లోంచి పోదు. దారం ఎముకదాకా దిగింది. కుప్పంలోనే ఆసుపత్రిలో కుట్లు వేయించాను. షుగర్ మనిషి కదా, ఇది మానడమే గొప్ప, ఇంకోసారి ఇట్లా తెగితే వేలు తీసేయాల్సి రావచ్చునని డాక్టరు చెప్పాడు. పుండు చీము పట్టింది. మదనపల్లెలో అక్క రోజూ కట్టు విప్పి కడిగేది, చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఆ వాసనకు నేను గది బయటే నిలబడేవాణ్ణి. నా మీద నాకే ఛీ అనిపించేది. చివరికి గాయం మానింది. బావ మళ్ళీ గోడవైపు తిరిగాడు.

"ఇంక గాలం పేరెత్తితే ఈ ఇంట్లో నీకు సంకటి లేదు" అంది అక్క.

వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగులు దొరుకుతాయి. ఒకటి కొనుక్కుని మదనపల్లె వెళ్ళాను, అక్కకు చూపించి ఒప్పిద్దామని. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీ దగ్గర దారం కొస ఒకటి వేలాడుతోంది. ఎటో చూస్తూ ఆ కొసను అదే వేలికి, మచ్చ పడిన వేలికి, చుట్టుకుని పుటుక్కున తెంచేశాడు. తెంచినట్టు ఆయనకే తెలియదు. తొడుగు ఇస్తే దాన్ని పంటితో లాగి పారేసి మరీ చుట్టుకుంటాడని అర్థమైంది. తొడుగును జేబులోంచి బయటికి తీయలేదు. ఆ మనిషి మారడు, దారమే మారాలి.

రైలెక్కి బెంగళూరు వెళ్ళాను, గాలాలమ్మే అంగడికి. కౌంటర్లో ఉన్న అబ్బాయికి తెలుగు వచ్చు.

"తెగే దారం కావాలి" అన్నాను.

"తెగనిది కదా సార్?"

"తెగేదే. గుంజితే తెగాలి."

ఆ చూపు చూడాలి మీరు. బంగారంకొట్టుకు పోయి తుప్పు పట్టినదేదైనా ఉందా అని అడిగినట్టు చూశాడు. అయినా బ్రెయిడ్ డబ్బా తీసి, దీనికి మనిషి వేలాడినా తెగదని మొదలుపెట్టాడు. డబ్బాను పక్కకు నెట్టి, ఎవరూ అడగక అడుగు అరలో పడి ఉన్న సన్న నైలాన్లన్నీ తీయించాను.

ఇంటికొచ్చి ఒక్కొక్కదాన్నీ నా చూపుడువేలికి చుట్టి గుంజాను. వేలు తెగకముందే దారం తెగాలి, అంతకుమించి పరీక్ష లేదు. కొన్ని చర్మంలో దిగి ఊదారంగు గాట్లు చేశాయి. కొన్ని మరీ నాసిరకం, రీలు మీద చుట్టలు చుట్టలుగా లేచి నిలబడ్డాయి. అన్నిటికంటే సన్నది, నిమ్మపండు రంగుది ఒకటి, గుంజగానే తెగింది. అది సాగుతుంది, తట్టు చేతికి తెలియదు, నిజమే. కానీ ఆ రంగు నీళ్ళ మీద దూరానికి కనబడుతుంది. చేతికి తెలియనిది కంటికి తెలియవచ్చు. రంగుదారం చూస్తే చేపలు పారిపోతాయని వీడియోల్లో చెబుతారు. చెప్పుకోనీ.

మదనపల్లె వెళ్ళి, మొదట అక్కనే వేలికి చుట్టుకుని గుంజమన్నాను. తెగింది. నమ్మకం చాలక మళ్ళీ మళ్ళీ గుంజింది.

"పుంగనూరు చెరువుదాకా అయితే పోండి. ఆ బండల గుంతకొద్దు" అంది. తరువాత గొంతు తగ్గించి, "ఆయనకి చెప్పొద్దురా. తన సేతికి భయపడి తెగేది తెచ్చినామని తెలిస్తే గడప దాటడు" అంది.

పుంగనూరు చెరువుకట్ట కింద కోడి ఈకలు, పేగులు, పగిలిన గ్లాసులు. తుమ్మచెట్లకు ఎవరెవరో తెంపి పారేసిన దారాలు బూజులా వేలాడుతున్నాయి. ముక్కు మూసుకుని కాస్త శుభ్రమైన చోటు వెతికాను. బావ నిమ్మపండు దారాన్ని చూసి మొహం చిట్లించాడు గానీ విసిరాడు.

"చేతిని మర్చిపో బావా. దారాన్ని చూడు."

దారాన్ని చూడమని ఆయనకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు. నీళ్ళ మీద వదులుగా పరుచుకున్న పసుపుగీత ఒక్క పిసరు బిగిసింది. నాకైతే ఏమీ కనబడలేదు. "అదో, కదిలింది" అని బావ రాడ్డెత్తాడు. జిలేబి చేప గట్టు మీద పడి ఎగిరింది. ఆ తరువాత ఇంకోటి. బావ మెడ ముందుకు చాచి, మగ్గం ముందు కూర్చున్నప్పటి మొహంతో నిలబడ్డాడు.

ఇంతలో రేకు మునిగిన తుమ్మకొమ్మకు తగులుకుంది. నేను నోరు తెరిచేలోగా బావ దారాన్ని వేలికి మెలేశాడు. గుంజాడు. పుటుక్కుమంది. బావ రెండడుగులు వెనక్కి తూలాడు.

"థూ! దారమా ఇది? సేమ్యా సుట్టుకోని వచ్చినావా యాడనన్నా? ఇన్నాళ్ళు గాలాలు మోసినావు, మంచిదేదో సెడ్డదేదో తెలీదా నీకు? మగ్గానికి ఇట్లాంటి పోగొచ్చి ఉంటే తెచ్చినోని మొహాన కొట్టేవాణ్ణి."

"మోసపోయినా బావా" అన్నాను.

"మోసపోకేం! మళ్ళా పోయేటప్పుడు నన్ను తీసుకోని పో. నేను ఏరిస్తా."

తెగిన దారం కొమ్మకు పసుపుగా వేలాడుతోంది. చెరువుల దగ్గర అట్లాంటివి చూస్తేనే నాకు చీదర. ఆ రోజు మాత్రం దాన్ని తీసేయడానికి నీళ్ళలోకి దిగేముందు కాసేపు అట్లా చూస్తూ నిలబడ్డాను.

"ఏం సూస్తాండావు? ఇంకో రేకియ్యి" అని బావ చెయ్యి చాచాడు. చూపుడువేలి చుట్టూ దారం ముద్ర తెల్లగా పడి ఉంది. చూస్తుండగానే అది మామూలు రంగుకు వచ్చింది. నేను రేకు కడుతున్నంతసేపూ ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు.