మోటార్లు ఆపించిన రోజు

నా భార్య పోయిన నెల చనిపోయింది. బేగంపేటలో ఒక ఆసుపత్రిలో, పగటిపూట, నేను టీ తాగడానికి కిందికి దిగినప్పుడు. పైకి వచ్చేసరికి నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె నోరు తెరవకముందే తెలిసిపోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆమెను మెట్టుగూడలో మా చర్చి గాయక బృందంలో పాడే మనిషిగానే ఎరుగుదురు. ఆమె ఉద్యోగం సంగతి కొద్దిమందికే తెలుసు. నగర పాలన కార్యాలయాల్లో ఒక చిన్న విభాగం ఆమెది. వరదొస్తే, మంటలంటుకుంటే, ఊరు స్తంభించిపోతే ఏం చెయ్యాలో ముందే ఆలోచించి పెట్టడం వాళ్ళ పని. ఆ పనికి తగిన మనిషే. ఆమెకు ఏ ఆలోచనైనా భయంతోనే మొదలయ్యేది.

"అది పోతే?" అనేది. కరెంటు పోతే జనరేటర్ ఉంది కదా అంటే, "అది పోతే?" విజయవాడ పెళ్ళికి రైలు టికెట్లు దొరికాయంటే, "ఆ రైలు పోతే?"

మా అన్నయ్య ఏడిపించేవాడు. "నీ మొగుడు పోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టావా అమ్మాయ్?"

"మీరున్నారుగా బావగారూ, కూరలు తేవడానికి" అనేది, చేతిలో పని ఆపకుండా.

అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు. మాతోనే ఉండేవాడు. మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బోయిగూడలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాళ్ళం. ఆ యంత్రానికి కరెంటు కావాలి. కరెంటు సంగతి అందరికీ తెలుసు. నీళ్ళు కూడా కావాలని, అదీ చాలా కావాలని, మాలాంటి ఇళ్ళలోనే తెలుసు.

రెండు వేల సంవత్సరం రాబోతున్న రోజులవి. కంప్యూటర్లు తేదీని తప్పుగా లెక్కపెడతాయనీ, కరెంటూ ఫోన్లూ నీళ్ళ పంపులూ ఒక్కసారిగా ఆగిపోవచ్చనీ ఎక్కడ చూసినా అదే మాట. ఊరు ఆగితే ఎలాగో తేల్చే బాధ్యత ఆమె విభాగం మీద పడింది. ఆమె చిక్కిపోయింది. అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోయేది. ఏ ఆసుపత్రి గురించి ఆలోచిస్తోందో ఇంట్లో ఎవరం అడగలేదు. ఆ ఏడు క్రిస్మస్ నక్షత్రం నేనే కట్టాను. దాన్ని తలెత్తి చూసి, "వైరు గట్టిగా చుట్టారా?" అంది. అంతే.

తీరా డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఊళ్ళో ఏమీ ఆగలేదు. మీకందరికీ తెలుసు. ఆఫీసులో తర్వాత చాలాకాలం ఆమెను చూసి నవ్వారట. "నవ్వనివ్వండి. నవ్వుకోవడానికి లైట్లు వెలుగుతున్నాయిగా" అంది నాతో. కానీ ఆ రాత్రికి ముందురోజు మా ఇంట్లో నవ్వే పరిస్థితి లేదు.

ఎలా జరిగిందంటే, ప్రజలు నీళ్ళు నిల్వ చేసుకోవాలని ఆటోల్లో మైకు పెట్టి చెప్పించారు. ఆ మాటలు రాసింది ఆమే. మా వైపు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. నింపుకోమని చెబితే సికింద్రాబాదులో మనిషి మొదట చేసేది బిందె తీసుకురావడం కాదు, నల్లాకు మోటారు బిగించడం. ఆ రోజు అన్ని గల్లీల్లోనూ బిగించారు. లైనులో ఉన్న నీళ్ళన్నీ కింది గల్లీలే లాగేసుకున్నాయి. మిట్ట మీదున్న ఆ ఆసుపత్రి పెరట్లో, నేలలో కట్టిన నీళ్ళ సంపులోకి చుక్క రాలేదు.

అన్నయ్య వంతు ఆ రోజే. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు. మా ఇంట్లో బకెట్లూ గంగాళమూ చివరికి కుక్కరూ నిండి ఉన్నాయి. ఆయనను డాక్టరు తాగనిచ్చేది మాత్రం కొలిచిన కొద్దిపాటి నీళ్ళే. "ఇల్లంతా చెరువు చేశావు. నాకు మాత్రం గుక్కెడు" అన్నాడు ఆమెతో. అప్పటికి ఇంకా నవ్వుతున్నాడు.

ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్ చేతులెత్తేశాడు. "నీళ్ళు లేకుండ మిషన్ నడ్వది మేడమ్. సాయంత్రం దాక చూద్దాం."

"సాయంత్రానికీ రాకపోతే?" అంది ఆమె.

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి ట్యాంకర్ అడిగింది. పై అధికారి మాట పక్కనున్న నాకూ వినబడింది. "అవి రేపటి రాత్రికమ్మా. అంతవరకు కదల్చొద్దని రాసింది మీరే కదా." ఆమె ఫోన్ పెట్టేసింది.

"బిందెలు గుర్తున్నాయి. మోటార్లు మర్చిపోయానండీ" అంది నాతో.

మైకు ఆటో ఒకటి పట్టుకొచ్చింది. నేను కదలలేదు. అన్నయ్యే, "అమ్మాయితో వెళ్ళరా. నేనెక్కడికీ పారిపోనులే" అని తోశాడు.

మొదటి గల్లీలోనే ఒకావిడ ఆటోకు అడ్డంగా నిలబడింది. పక్కనే మోటారు గుర్రుమంటోంది.

"నిన్న నింపుమంటిరి, ఇయ్యాల బంద్ జెయ్యుమంటిరి. ఏందమ్మా మీ తమాషా? మమ్మల్ని పరేషాన్ చేసుడేనా మీ నౌకరి?"

"నింపమని రాసింది నేనే అక్కా. తప్పు నాదే."

"అయితే జెర ఆగు. గీ డ్రమ్ము నిండనియ్యి."

"ఆ డ్రమ్ము నిండేలోగా మా బావగారికి ఊపిరి ఆడదు. అక్కడ ఆసుపత్రిలో కూర్చున్నారు."

మైకు నా భార్య చేతిలో ఆన్‌లోనే ఉంది. గల్లీ మొత్తానికీ వినబడింది.

"ముందుగాల చెప్పాలె గదా గా ముచ్చట!" అని ఆవిడ లోపలికి తిరిగి మోటారు ఆపమని కేకేసింది. తర్వాత ఎదురింటి మీద పడింది. "ఓ వదినా! నీ ఇంట్ల జాతరున్నదా ఏంది, గన్ని నీళ్ళెందుకే? బంద్ జెయ్యి!"

ఒక్కొక్క మోటారే ఆగింది. కొందరు ఆపారు, కొందరు ఆపి మేము మలుపు తిరగ్గానే మళ్ళీ వేశారు. ఆమె ఆటోను వెనక్కి తిప్పించేది. గొంతు బొంగురుపోయింది. మధ్యలో ఒకసారి మైకు ఆపి, "ఆసుపత్రికి నీళ్ళు కావాలి అనాల్సింది. మా బావగారికి అనేశాను" అంది. సిగ్గుపడిందో, భయపడిందో నాకు తెలియలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

నీళ్ళొచ్చాయి. చీకటి పడకముందే అన్నయ్యను యంత్రం దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత కొన్నేళ్ళు మాతో ఉన్నాడు. ఆ ఏళ్ళకు నేను ఆమెకు ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. మా ఇళ్ళలో అలా చెప్పుకోం.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది నీళ్ళు వచ్చాక సంగతి కాదు. మేము గల్లీలు తిరిగొచ్చాక, అవి రాకముందుది. ఆసుపత్రి పెరట్లో ఆమె ఆఫీసు చీరతోనే మట్టిలో బోర్లా పడుకుని ఉంది. సంపు ఇనుప మూతకు చెవి ఆన్చింది. చెంపకు దుమ్మంటుకుంది. బెంచీ మీద అన్నయ్య ఊపిరి పెద్దగా వినబడుతోంది. నేను ఏదో అడగబోయాను. ఆమె తల ఎత్తకుండానే, ఉండమన్నట్టు, ఒక చెయ్యి పైకి లేపింది.