ఎనకోళ్లకు ఇనవడుతుందా?

ఇయ్యాల పొద్దున చాయ్ పెడుతున్న. గల్లీ మూలకున్న కవ్వాల్ చిచ్చా ఇంటికాడికెల్లి "హలో... హలో... చెక్... చెక్" అని మైకు మోత మొదలైంది. చిచ్చా మనవరాలి పెండ్లి ఇయ్యాల. నిన్ననే షామియానా ఏసిండ్రు, నాకు ఎరికే. అయినా ఆ హలో చెవుల పడంగనే గంటె పట్టుకున్న చెయ్యి అట్లనే ఆగింది, చాయ్ పొంగి పొయ్యంత పాడైంది. మా ఇంటాయన పేపర్ల నుంచి తల లేపకుండనే "మల్ల పొంగిచ్చినవా?" అన్నడు. ముప్పై ఎనిమిదేండ్ల సంసారంల నేను చేసిన మంచి ఒక్కటి యాదుండదు గాని, చాయ్ పొంగిచ్చింది మాత్రం మర్వడు ఈ మనిషి. పొంగితే పొంగింది తియ్యి. నా మనసు ఆరేండ్లు ఎనకకు పోయింది. గక్కడొక ఆదివారం ఉన్నది, దాన్ని నేను ఇప్పటిదాక మర్వలె.

మా తమ్మునిది మైక్ సెట్ దుకాణం. మాది మూడు తరాల నుంచి ఇత్తడి, స్టీలు గిన్నెల యాపారం, ఇంట్ల అందరం తరాజు ముంగట కూసునెటోళ్లమే. తమ్ముడొక్కడే పదో తరగతి తప్పి, ఓ పాత యాంప్లిఫయరు, రెండు హారన్లు కొనుక్కొచ్చి చాంద్రాయణగుట్టల షట్టరు తెరిసిండు. మా బాపు బతికున్నన్ని రోజులు గులుగుతనే ఉన్నడు: "పొద్దుగాల లేస్తే హలో హలో అంటడు, ఎవడన్న పలికిండా ఇప్పటిదాక?" పలికినోళ్లు తర్వాత పలికిండ్రు గాని, సూసెతందుకు బాపు లేడు. బోనాలకు గుడికాడ ఈయన మైకే, మిలాద్ పండుగ జల్సాకు ఈయన మైకే, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల ఎవరన్న రిటైరైతే సన్మానానికి ఈయన మైకే. ఎక్కడ బాక్సులు పెట్టినా ఈయనకొక అలవాటు. అన్నీ బిగిచ్చినంక కార్డ్‌లెస్ మైకు పట్టుకొని ఆఖరి వరసకు పోతడు, ఓ కుర్చీల కూసుంటడు, "ఎనకోళ్లకు ఇనవడుతుందా?" అని అడుగుతడు. హాలంత ఖాళీగుంటది, ఎనక ఎవ్వడుండడు. తనే అడిగి, తనే ఇని, తల ఊపుకుంట లేస్తడు. నేనొకసారి "పిచ్చోడా, ఎవర్ని అడుగుతున్నవురా?" అంటే, "ముంగట కూసున్నోళ్లకు ఎట్లన్న ఇనవడతది అక్కా. ఎనక కూసునెటోళ్లే పాపం, ఎవ్వరికి చెప్పుకోరు" అన్నడు.

ఇంకో సంగతి కూడ ఇక్కడనే చెప్పాలె, లేకుంటె ముంగటి కథ సమజ్ కాదు. ఏ వైరు ఏ రంధ్రంల పెట్టాల్నో ఈయన ఎక్కడా రాసి పెట్టుకోలె. వైరు వైరుకు ఓ బట్ట పీలిక కట్టిండు. పచ్చది, పూలది, ఎర్ర అంచుది, నీలంది. ఏ పీలికకు ఏం అర్థమో ఆయనకొక్కనికే తెలుసు. పనోళ్లు అడిగినా చెప్పడు. నేను సచ్చేదాక నా సెట్టు నేనే కడత అనేటోడు. గంత పొగరు.

ఆ ఎండకాలం జల్‌పల్లి దిక్కు ఓ పెండ్లి హాలుల హారను కట్టెతందుకు నిచ్చెన ఎక్కిండు. నిచ్చెన జారింది. వెన్నుపూస దెబ్బతిన్నది, నడుము కిందికెల్లి రెండు కాళ్లు మొద్దువారినయ్. దవాఖానల డాక్టరు సాబ్ ఉన్నదున్నట్టే చెప్పిండు: సోమవారం పొద్దున ఆపరేషన్ చేస్తే నడిచే ఆశ ఉన్నది, ఆగితే ఆ ఆశ కూడ పోతది. మనిషి తెలివిమీదున్నడు గాబట్టి సంతకం ఆయనే పెట్టాలె, ఆదివారం సాయంత్రం ఏడింటి లోపట పెట్టాలె. లేకుంటె ఆ టైము ఇంకొకరికి ఇస్తరు, పెద్ద డాక్టరు మల్ల పదిరోజులదాక ఊర్ల ఉండడు.

ఈ మాట తెలిసిన తెల్లారే కవ్వాల్ చిచ్చా నేను కూసునే గిన్నెల దుకాణానికొచ్చిండు. కవ్వాలీ పాటలు పాడెటోడు, డెబ్బై దాటిన మనిషి, నోట్ల ఎప్పటికీ పాన్. అందరం కలిసి ఆదివారం పగటీలి పాటల కచేరి పెడతం, వచ్చిందంత దవాఖానకు కడతం అన్నడు. నా నోరు ఊకుంటదా? "మీ పాటలతోని ఎముకలు అతుకుతయా చిచ్చా?" అన్న. ఆయనకు కోపం రాలె. "హమారే కనే యహీచ్ హై బిడ్డా, ఔర్ క్యా దేతే?" అన్నడు. మా దగ్గర ఉన్నదే ఇది, ఇంకేం ఇస్తం అని. గుడికాడి భజన ఆడోళ్లు, పెండ్లి బ్యాండు మాస్టరు, అందరు ఒప్పుకున్నరు. ఒప్పుకోనిది ఒక్కడే, మా తమ్ముడు. "నా పేరు మీద ఖైరాత్ వసూలు చేస్తరా? నేను ఎవ్వరి ముంగట చెయ్యి సాపలే, ఇగ సాప. ఆ పైసలతోని అయ్యే ఆపరేషన్ నాకొద్దు, సంతకం పెట్ట" అని గోడ దిక్కు తిరిగిండు. అగో, గట్ల తిరిగినోడు నాలుగు రోజులు ఎవ్వరితోని ఒక్క మాట మాట్లాడలె. మరదలు ఆ సంతకం కాయితం పట్టుకొని మంచం పక్కన స్టూలు మీద కూసున్నది. అన్నం పెట్టినా కాయితం వదులది, కండ్లు తుడుసుకున్నా కాయితం వదులది.

ఆదివారం నాలుగింటికి కచేరి. హాలు పుణ్యానికిచ్చిండ్రు, ఏడింటికి ఖాళీ చెయ్యాలె. మూడింటికి నేను, మా ఇంటాయన పోయేసరికి మస్తు తయారి అయ్యింది. కుర్చీలు ఏసిండ్రు, షర్బత్ కలిపిండ్రు, తబలాలు వచ్చినయ్, బ్యాండోళ్లు ఇస్త్రీ బట్టలు తొడుక్కొని నిలబడ్డరు. చిచ్చా స్టేజి మీదికెక్కి, గొంతు సవరించుకొని, చెయ్యి ముంగటికి సాపి, ఆగిపోయిండు.

మైకు లేదు.

చెప్తే నవ్వుతరు. ఇన్ని రోజులు తిరిగి తిరిగి కచేరి పెట్టినోళ్లకు ఒక్కనికి కూడ మైకు సంగతి మతికి రాలె. ముప్పై ఏండ్ల నుంచి ఏ జల్సా పెట్టినా మైకు దానంతట అదే వచ్చేది, అడిగే పనే లేకుండె. ఈసారి కూడ వస్తదనుకున్నరు. తెచ్చెటోని కోసమే కచేరి పెట్టినమన్న సంగతే మర్సిండ్రు! పెండ్లిళ్ల ముహూర్తం, ఊరంత ఒక్క సెట్టు ఖాళీ లేదు. మా ఇంటాయన ఆటోల ఉరికి షట్టరు తెరిసి, తమ్ముని డబ్బలన్నీ ఎత్తుకొచ్చిండు. తెచ్చి ఏం లాభం? పది మంది మగోళ్లు ఆ పీలికల చుట్టు కూసొని, పచ్చది ఇక్కడ, ఎర్రది అక్కడ అని కొట్లాట. ఏది పెట్టినా సప్పుడు లేదు. నాలుగున్నరయింది, అయిదయింది. జనం నిండుతనే ఉన్నరు. నా కండ్లు గడియారం మీదనే ఉన్నయ్. ఆడ కాయితం, ఈడ ఇది.

మరదలికి వీడియో కాల్ చేసిన, ఫోను తమ్ముని మొకం ముంగట పెట్టమన్న. గోడ దిక్కే సూస్తున్నడు. బతిమాలిన. ఊహూఁ. ఏడ్సిన. ఊహూఁ. ఇగ నాకు మండింది. అంత మంది ముంగట గొంతు చించుకొని ఒర్లిన: "ఒరేయ్, సంతకం పెట్టకురా, నీ ఇష్టం! గాని ఈ వైర్లు ఏడ పెట్టాల్నో చెప్పి ఏడువు!" అప్పుడే ఎవరో ఏదో వైరు గుచ్చిండ్రు, బాక్సులు రెండు "కూఁ" అని గీ పెట్టినయ్. నేను చెవులు మూసుకున్న. ఫోన్ల మంచం కిర్రుమన్నది.

"ఎవడ్రా వాడు! బాక్సు ముంగట మైకు పెట్టిండా? నా సెట్టును సంపుతున్నరు గదరా!"

నాలుగు రోజులకు ఇన్న గొంతు. ఏడ్సుకుంటనే ఫోను వైర్ల దిక్కు తిప్పిన. ఆయనకు ఇయ్యేం పట్టలె. మొకం ఇటు తిప్పి, "పచ్చ పీలిక మిక్సరుకు. పూలది ఎడమ బాక్సుకు. ఎర్ర అంచుది ముట్టకుండ్రి, చెయ్యి కాలుతది" అని ఒక్కొక్కటే చెప్పిండు. నడుమల మరదలు గొంతు: "ఎర్ర అంచుదా? అది నా దసరా చీర! రెండేండ్ల నుంచి ఎతుకుతున్న, చింపింది నువ్వా?" దవాఖానల వాళ్లిద్దరు లొల్లి పెట్టుకున్నరు. అంత ఫికర్‌ల గూడ ఫోను చుట్టు మూగినోళ్లంత పక్కున నవ్విండ్రు. ఆ పిల్ల నవ్వుకుంట ఏడుస్తుంది, తిట్టుకుంట ఏడుస్తుంది.

సెట్టు పలికింది. అయిపోయిందనుకుంటె, "అక్కా, ఫోను పట్టుకొని ఆఖరి వరసకు పో. నేను ఇనాలె" అన్నడు. పోయి నిలబడ్డ. చిచ్చా పాడిండు, భజన ఆడోళ్లు పాడిండ్రు, బ్యాండు మోగింది. నేను ఫోను ఎత్తి పట్టుకొని చెయ్యి గుంజుతున్నా దించలె. ఎనక నిలబడితే అందరి ఈపులే కనవడతయి. బురఖాలు, మల్లెపూల జడలు, టోపీలు, బట్టతలలు. ఒక్కొక్కరికి ఎప్పుడు మైకు కట్టిండో మెల్లగ చెప్పుకుంట పోయిండు తమ్ముడు. గాని కాయితం ముచ్చట ఎత్తితే మల్ల గోడ దిక్కు తిరిగేటోడు. ఆరున్నర. పావు తక్కువ ఏడు. మరదలు ఫోన్లకెల్లి తడి కండ్లతోని నా దిక్కు చూస్తుంది, నేను ఆమె దిక్కు.

ఆఖరికి వచ్చినోళ్లకు, పాడినోళ్లకు శుక్రియా చెప్పే బాధ్యత నాది. పేర్లన్నీ ఇంకో కాయితం మీద రాసుకొచ్చిన, మొదటి పేరు చిచ్చాది. స్టేజి దాక పోయిన గాని ఆ కాయితం మడత ఇప్పలేకపోయిన. గల్లీలందరితోని తగాదా పెట్టుకునే నాకు, మంచి మాట ఒక్కటి అనుడు చాతకాలె. చిచ్చా నా చేతులకెల్లి ఫోను తీసుకొని, మైకుల అన్నడు: "మియాఁ, తీస్ బరస్ హమారీ ఆవాజ్ తుమ్ ఉఠాయే. ఆజ్ ఏక్ దిన్ హమ్ తుమ్కో ఉఠాయే తో ఖైరాత్ బోల్తే?" ముప్పై ఏండ్లు మా గొంతు నువ్వు లేపినవు, ఒక్కనాడు నిన్ను మేం లేపుతుంటె భిక్షమంటవా అని. చెప్పి, ఫోను మైకు కాడ పెట్టిండు.

హాలుల పంకల సప్పుడే ఇనవడుతుంది. బాక్సులల్ల మా తమ్ముని ఊపిరి ఇనవడ్డది. ఏడు కావస్తుంది. అప్పుడు అడిగిండు, ఎప్పటిలెక్కనే:

"ఎనకోళ్లకు ఇనవడుతుందా?"

"ఇనవడుతుందీ!" అని ఒక దిక్కు, "సునాయీ దేరా భాయ్!" అని ఒక దిక్కు, హాలంత ఒక్కసారే పలికింది. బాపూ, పలికిండ్రే! ఇన్నేండ్లు ఖాళీ కుర్చీలను అడిగినోనికి ఎనకకెల్లి జవాబొచ్చింది. ఆయన ఎక్కెక్కి ఏడ్సుడు అందరికీ ఇనవడ్డది. ఇనవడనీ. తర్వాత, "ఇగో... ఆ కాయితం ఇటియ్యి, పెన్నేది?" అన్న మాట ఇనవడ్డది. బ్యాండు మాస్టరు బాకా ఊదబోయి ఊదలేక కూసున్నడు.

ఆపరేషనయింది. నాలుగు నెలలకు కర్ర పట్టుకొని నిలబడ్డడు, ఆర్నెల్లకు దుకాణానికి నడిచిపోయిండు. ఇప్పుడు నిచ్చెన పనోళ్లు ఎక్కుతరు. ఆఖరి వరసల కూసునే పని మాత్రం ఆయనదే. పీలికల అర్థాలన్నీ గోడ మీద రాసిపెట్టిండు, మరదలు దగ్గరుండి రాయిచ్చింది.

నేను మాత్రం శుక్రియా చెప్పలె. ఇయ్యాల రేపు అనుకుంటనే ఉన్న. చిచ్చా రోజూ మా దుకాణం ముంగటికెల్లే పోయేటోడు. పాన్ ఉమ్మితే తిట్టిన. ఓసారి తన బిడ్డ కోసం ఇత్తడి పాన్‌దాన్ డబ్బ కొన్నడు, ఒక్క రూపాయి తగ్గియ్యలె. ఆయన నవ్వుకుంట ఇచ్చి పోయిండు. మొన్న చలికాలం చిచ్చా పోయిండు. ఆయన మయ్యత్‌ను భుజాల మీద మోసుకపోతుంటె మా గడప మీద నిలబడి చూసిన, అప్పుడు గూడ ఆ మాట గొంతులనే ఉన్నది.

ఇయ్యాల పగటీలి షామియానల ఇంకా ఎవ్వరు రాలె. తమ్ముడు కర్ర పట్టుకొని ఆఖరి వరసకు పోయి కూసున్నడు. "అక్కా, జర మైకుల ఏదన్న అను, ఎట్లొస్తుందో ఇంట" అన్నడు. బీరువల చీరల కింద దాచిన ఆ పాత పేర్ల కాయితం పొద్దున్నే సంచిల పెట్టుకొచ్చిన, ఎందుకో నాకే తెల్వదు. మడత ఇప్పిన. ఖాళీ కుర్చీల ముంగట, మొదటి పేరు కాడికెల్లి ఆఖరి పేరు దాక, ఒక్కటి ఇడవకుండ అందరికీ శుక్రియా చెప్పిన. తమ్ముడు ఇనవడుతుందన్నట్టు కర్ర పైకెత్తిండు. కాలం మనుషులను ఒక్కొక్కరినే ఎనక వరసకు జరుపుకుంట పోతది. చిచ్చా మా తమ్ముడు కూసున్న కుర్చీకంటె ఇంకా ఎనకకు పోయి కూసున్నడు, గక్కడిదాక నా మాట ఇనవడ్డదో లేదో కర్ర ఎత్తి చెప్పెటోళ్లు ఎవ్వరూ లేరు.