గోడవార బతూల్ బానలు

మా వీధిలో అందరూ బతూల్‌ని మంచిదంటారు. నేననను. అంత మంచిదే అయితే నాకింత నచ్చేది కాదు.

మా జెజీరా ప్రాంతమంతా నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుకుంటుంది. వేసవిలో మేకల కాళ్ళు వాటిలో ఇరుక్కుని విరగడం మాకు మామూలే.

బతూల్ భర్త చనిపోయిన ఏడాదే బావగారు అల్‌తోమ్ ఆమె వాకిట్లో సగం ఆక్రమించి, అతిథుల కోసం ఇటుకల గది కట్టించుకున్నాడు. అడ్డుపడితే, "ఒంటిదానివి, నీకెందుకమ్మా అంత వాకిలి?" అన్నాడు. ఆమె తరఫున తగాదాకి వచ్చే మగదిక్కు లేదు. వీధివైపు ఉన్న ఆ గది గోడవారనే భర్త పేరు మీద మట్టి బానలు పెట్టి, దారినపోయేవాళ్ళ కోసం రోజూ నింపేది. బానలు చెమర్చి, చుక్కలు కారి, గోడ మొదలు ఎప్పుడూ తడిగా ఉండేది.

వాడికి ఆ తడీ కంటగింపైంది.

"మరదలా, నీ నీళ్ళకి నా గోడ నానిపోతోంది. తీసెయ్ వాటిని!"

"అలాగే బావగారూ, తీసేస్తా."

నాకు ఒళ్ళు మండింది. "పిచ్చిదానా, ఎందుకు ఒప్పుకున్నావే?"

"ఎండలు రానీ," అంది బతూల్.

బానలు ఇద్దరం వీధి అవతలికి మోశాం. ఎండలు ముదిరాయి. వీధివైపు నేల ఎండి దిగిపోయింది, దానితోపాటే గోడా దిగి బీటవారింది. బతూల్ పొద్దున్నే వెళ్ళి బీటలో చెయ్యి పెట్టి చూసేది. మొదట గోరు పట్టేది, తర్వాత వేళ్ళు, చివరికి మోచేతిదాకా దూరిపోయింది. అల్‌తోమ్ కొడుకు పెళ్ళికొచ్చిన చుట్టాలు పైకప్పు వంక చూసి, బయట ఎండలోనే కూర్చుని తిన్నారు. నేను నవ్వాను. కడుపు నిండా నవ్వాను.

మర్నాడు అల్‌తోమ్ తలపాగా చేతబట్టుకుని వచ్చాడు.

"అమ్మా బతూల్, ఆ బానలు మళ్ళీ అక్కడే పెట్టుకో తల్లీ. నీళ్ళు నేనే మోయిస్తా."

"అవి దాహమేసినవాళ్ళకి బావగారూ. మీ గోడకి దాహమేస్తే, వీధి దాటి వచ్చి తాగమనండి."

తొలివానకి గది కూలింది. మళ్ళీ కట్టే ధైర్యం వాడికి లేకపోయింది. ఆ ఇటుకలే ఏరుకుని బతూల్ తన వాకిలి మొత్తానికీ ప్రహరీ కట్టుకుంది. బానలు తెచ్చి ఆ గోడవార పెట్టింది. జ్వరమొచ్చినా సరే, వాటిని నింపకుండా పడుకోదు.