చింతచెట్టు కింద బూరి సాక్ష్యం

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా వంటింట్లో చిట్టిముత్యాల బియ్యం పొంగుకొచ్చి, ఆ ఆవిరి ముందుగదిలోకి పాకగానే, సోఫాలో కూర్చున్న మా అన్న ముక్కు ఎగబీల్చి "మానుపిల్లి వాసన" అన్నాడు. మా అమ్మాయి అన్నం గిన్నె వంక అనుమానంగా చూసింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా అన్న ఆగే మనిషి కాదు, మా చిన్నప్పటి కుక్క బూరి కథ ఎత్తుకున్నాడు, ఎప్పటిలాగే తప్పుగా చెప్పాడు.

ఆయన లెక్కలో బూరిది గొప్ప జాతి. దాని తల్లి ఆదిలాబాద్ అడవుల్లోంచి వచ్చింది, వేట రక్తంలోనే ఉంది, బూరి మొరిగిన చెట్టు మీద జంతువు లేకపోవడమన్నది ఎన్నడూ జరగలేదు. "జాతి గుణం, ఇంకేంది?" అంటాడు. నేను దాని తల్లిని చూశాను. మెట్‌పల్లి అంగట్లో మాంసం దుకాణం ముందు బొక్కల కోసం కొట్లాడుకునే ఊరకుక్క అది. పైగా అదే కాన్పులో పుట్టిన టైగర్‌ను మా నాన్న తమ్ముడు చిన్నబాపు పెంచాడు. చెట్టు కనపడితే చాలు టైగర్ మొరిగేది. ఉడత ఉన్నా మొరిగేది, కాకి ఉన్నా మొరిగేది, కొమ్మకు చిక్కిన చింకి గుడ్డను చూసి కూడా మొరిగేది. ఒకే తల్లి పాలు తాగిన రెండు కుక్కల్లో ఒకటి నిజం చెప్పి ఒకటి అబద్ధం చెప్తుంటే, ఇంకా రక్తం రక్తం అని పట్టుకుని వేలాడటం ఏం తర్కమో మా అన్ననే అడగాలి.

మా ఊరు మెట్‌పల్లికి ఇవతల. వానలు వెనకబట్టి మక్క కంకులు ముదిరే రోజుల్లో, పొయ్యి మీద కాల్చిన కంకుల పొగ, నానిన పెండ వాసన, పందిరి మీద బీరపూల పసుపు, వాకిట్లో బోర్లించిన గంపల కింద అవ్వ కోళ్ల గొణుగుడు, ఇవన్నీ కలిస్తేనే తెల్లారేది. మేం అవ్వ అనేది అమ్మను, బాపు అనేది నాన్నను. కోళ్లు అవ్వ సొంతం. వాటి మీద బాపుకు కూడా హక్కు లేదు. మానుపిల్లి వచ్చేది ఆ కోళ్ల కోసమే. పిల్లి కంటే పొడుగ్గా, ముఖానికి నల్ల గుడ్డ చుట్టుకున్నట్టుగా, ఒంటి పొడుగుకు సరిపడా తోకతో ఉండే ఆ జంతువు రాత్రి గంప లేపి కోడిని ఎత్తుకుపోయి, పగలంతా ఏదో చెట్టు మీద పడి నిద్రపోయేది. పొద్దున్నే ఈకలు కనపడగానే బాపు బూరి తాడు విప్పేవాడు. గోధుమరంగులో, ఒక చెవి వాలి, నక్కకు నక్క, కుక్కకు కుక్క అన్నట్టుండేది అది.

బూరి దారి పొడుగునా నోరు విప్పేది కాదు. మంచులో ముక్కు ఆనించి పోయి పోయి ఒక చెట్టు దగ్గర ఆగేది. టైగరైతే అక్కడే గొంతు చించుకునేది. బూరి ముందరి కాళ్లు మొద్దుకు ఆనించి ఒకసారి పైకి వాసన పట్టి, దిగి, దూరంగా చెట్టు చుట్టూ తిరిగేది. ఎందుకంటే మానుపిల్లి మహా టక్కరి. ఒక చెట్టెక్కి, కొమ్మలు కొమ్మలు పట్టుకుని పక్క చెట్టు మీదికి దాటి, ఆవలి వైపు దిగిపోతుంది. దిగిన వాసన ఎక్కడా తగలకపోతేనే బూరి వెనక్కి వచ్చి, కూర్చుని, తల ఎత్తి మొరిగేది. తగిలితే ఆ చెట్టును వదిలేసి పోయేది.

ఇది బూరికి పుట్టుకతో రాలేదు, బాపు పెట్టిన పద్ధతితో వచ్చింది. మా దగ్గర వేటకుక్కకు దాని పాలు, అంటే కొట్టిన జంతువులో దాని వాటా, చెట్టు మొదట్లోనే ఇవ్వాలి, ఇంటికి తెచ్చి ఇస్తే లెక్కలోకి రాదు. జంతువు కంటికి కనబడేదాకా బాపు దానికి ఒక్క ముక్క వేసేవాడు కాదు, మెచ్చుకునేవాడు కాదు. చిన్నబాపు మాత్రం టైగర్ మొరగ్గానే "శెభాష్ బిడ్డా" అని రొట్టెముక్క విసిరేవాడు. మొరిగితే రొట్టె వస్తుందని దానికి అర్థమైంది. అందులో దాని తప్పేముంది?

ఒక దసరాకు ముందు, బతుకమ్మ రోజుల్లో, అవ్వ ప్రేమగా పెంచుకున్న పెట్ట పోయింది. బూరి మమ్మల్ని చెలక అంచున ఉన్న ముసలి చింతచెట్టు దగ్గరికి తీసుకుపోయి, చుట్టూ తిరిగి, కూర్చుని మొరిగింది. ఎంత చూసినా ఏమీ కనబడలేదు. చిన్నబాపు ఎక్కి కొమ్మ కొమ్మా దులిపి, ఒళ్లంతా ఎర్రచీమలతో కిందికి దూకాడు.

"చీమలను పట్టిచ్చింది నీ కుక్క. మంచి వేటనే అన్నా" అన్నాడు గోక్కుంటూ.

ఊళ్లోవాళ్లు నవ్వారు. బాపు నవ్వలేదు. తాడు పట్టి లాగితే బూరి రాలేదు, ఈడ్చుకొచ్చారు. మర్నాడు విప్పగానే మళ్లీ అదే చెట్టు, మళ్లీ అదే మొరుగుడు, మళ్లీ ఖాళీ. మా మేనమామ బెల్లంపల్లి బొగ్గుగనిలో పనిచేసేవాడు. పండుగకు వచ్చినప్పుడల్లా క్వార్టర్ కావలికి బూరిని అడిగేవాడు, బాపు ససేమిరా అనేవాడు. ఆ సాయంత్రం, పండుగకు వచ్చి ఉన్న మామను బాపే పిలిచి చెప్పాడు.

"దీన్ని తోలుకపో బావా. అబద్ధాలకు మరిగింది."

"నిన్నటిదాక అంజన్న మీద ఒట్టు, ఇయ్యనంటివి గదా?" అన్నాడు మామ.

"నిన్నటిదాక నిజం చెప్పింది."

నేను అన్నం తినలేదు. ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ ఒక్కతే, "పండుగ అయినంక గదా పోయేది, తిను" అంది.

సద్దుల బతుకమ్మ పొద్దున అవ్వ, నేను గునుగు, తంగేడు పూల కోసం చెలకల్లోకి పోయాం. బూరి తాడు తెంపుకుని మాకంటే ముందే పోయింది. చింతచెట్టు కింద పడుకుని ఉంది. మొరగడం లేదు, పైకి చూస్తోంది అంతే. అవ్వ పూలు కోస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఎవలింట్ల బువ్వ వండుతున్నరే?"

చుట్టూ మక్కచేలు. ఇల్లు లేదు, పొయ్యి లేదు, పొగ లేదు. కానీ నిజంగానే, కొత్తబియ్యపు అన్నం అప్పుడే వార్చినట్టు కమ్మటి వాసన. మానుపిల్లి ఒంటి వాసన అచ్చం అలాగే ఉంటుంది. అవ్వ పూలగంప నా నెత్తిన పెట్టి బాపును, చిన్నబాపును పిలుచుకురమ్మంది.

చిన్నబాపు గొణుక్కుంటూ ఈసారి ఒళ్లంతా బూడిద పూసుకుని ఎక్కాడు. ఆకుల గుబురు తప్పించి, రెండు పెద్ద కొమ్మల నడుమ తొర్రలోకి తొంగిచూశాడు.

"ఉన్నదా?" అన్నాడు బాపు.

"ఉన్నది. పిల్లలు సుత ఉన్నయి. మిరపకాయల పొగ పెడుదమా?"

"దిగు" అంది అవ్వ.

"వదినె, నీ పెట్టను తిన్నదే గది."

"పెట్ట నాది. నేను మాఫ్ చేసిన. పిల్లల తల్లికి పొగ పెడ్తవా పండుగ పూట? దిగు, మల్ల చీమలు కరుస్తయి."

చిన్నబాపు దిగాడు. అప్పుడు బాపు ముఖంలో ఒక పరేషాన్ కనబడింది. వేట లేదు, బూరి పాలు లేదు. నిజం చెప్పిన కుక్కకు చెట్టు కింద దక్కాల్సింది దక్కకపోతే అది చెడిపోతుంది. "దీన్ని పట్టుకో, కదలనియ్యకు" అని నాతో చెప్పి, ఆయన ఇంటివైపు పరుగెత్తాడు. పొయ్యి దగ్గరికి ఎన్నడూ పోని మనిషి కోడిగుడ్డు ఉడకబెట్టుకుని, చేతులు మార్చుకుంటూ, ఊదుకుంటూ, గట్ల మీద ఉరికి వచ్చాడు. దారిలో ఎదురైన వాళ్లు "ఏమాయె పటేలా?" అని అడిగినా ఆగలేదట. చింతచెట్టు మొదట్లో కూర్చుని, గుడ్డు ఒలిచి, చిదిమి, అరచేతిలో పెట్టి బూరికి తినిపించాడు. "తప్పు నాదే తీ" అన్నాడు దానితో. మాతో అనలేదు. మామ బెల్లంపల్లికి సకినాల మూట ఒక్కటే పట్టుకుపోయాడు.

ఇప్పుడు ఆ చెలక లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్టు పోయింది, గంప కింద కోళ్లను కమ్మే ఇళ్లు లేవు, మానుపిల్లిని కొట్టడం నేరమని పిల్లలు మాకు చెప్తున్నారు, మంచిదే. పోనివి ఈ వాసన, మా అన్నతో నా కొట్లాట. అన్నం తింటూ ఆయనతో నేను కొట్లాడింది జాతి గురించి మాత్రమే కాదు, ఆ తర్వాతి సంగతి గురించి.

బూరి బతికినంత కాలం ఆ చింతచెట్టు కింద మళ్లీ మొరగలేదు. బువ్వ వాసన నాకే తెలిసిన పొద్దుల్లో కూడా అది మొద్దుకు కాళ్లు ఆనించేది, చుట్టూ తిరిగేది, కూర్చోకుండా మా వెంట వచ్చేసేది. మిగతా చెట్ల దగ్గర ఎప్పటిలాగే మొరిగేది. అక్కడ మాంసం దక్కదని నేర్చుకుందంటాడు మా అన్న. మాంసం దక్కకపోతేనేం, గుడ్డు దక్కింది కదా, బాపు చేతుల్లోంచి, వేడివేడిగా. అంత పాలు దానికి ఏ చెట్టు కిందా దొరకలేదు. ఇంకో గుడ్డు కోసమైనా మొరగాలి కదా. మరి లేనిచోట ఉందని ఒక్కనాడూ చెప్పని కుక్క, ఉన్నచోట లేనట్టు ఎందుకు నడిచిపోయింది?