అవ్వ ఉర్దూ

నాకు కుళ్లు. దాచుకోవడం ఎందుకు? సిద్దిపేటలో మా పక్కింటామె మీద చిన్నప్పటి నుంచీ ఉంది.

ఆమె నాకంటే ఏడాది చిన్న, సాయబుల పిల్ల. వాళ్లమ్మది గాజుల దుకాణం, మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, అందులో గాజులు తొడిగేది. కొందరితో తెలుగు, సాయబుల ఇండ్ల నుంచి వచ్చినవాళ్లతో ఉర్దూ. మాటల్లో పెట్టి, పిడికిలి మెత్తగా పిసికి, నొప్పి తెలిసేలోపే గాజు మణికట్టుకు దించేది. బడి విడిచాక మేమిద్దరం అక్కడే ఉండేవాళ్లం. "హాత్ దే బేటీ" అని అవ్వ ఆ పిల్లను దగ్గరికి తీసుకునేది. చెయ్యి ఇయ్యి బిడ్డా అని, ఆ మాత్రం నాకూ తెలుసు. నన్ను చూస్తే మాత్రం "గీడ కూసోకు, గాజులు పలుగుతయ్. ఇంటికి పోయి బోళ్లు తోము" అనేది. ఉర్దూ ముద్దుకు, తెలుగు తిట్లకు అని నాకు నేనే తీర్మానించుకున్నాను.

అందుకే ఉర్దూ నేర్చుకోనని మొండికేశాను. ఆ పిల్ల మాత్రం ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఎక్కాలు తెలుగులో చదివేది, దెబ్బ తగిలితే ఉర్దూలో ఏడ్చేది. పద్యాలు నాకంటే ముందు అప్పజెప్పేది. సారు ఆమెను మెచ్చుకున్న రోజు నాకు అన్నం సయించలేదు. నా తెలుగులో కూడా ఆమే ఫస్టా? ఇప్పుడు ఆ దుకాణం ఆమెదే. వాడకట్టులో పంచాయితీ అయినా, ఎవరి ముసలామెనైనా దవాఖానకు తోలుకుపోవాలన్నా, రెండు వైపులా మాట కలపడానికి అందరూ ఆమెనే పిలుస్తారు.

నిరుడు అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నెల తర్వాత మాట తిరిగొచ్చింది గానీ, వచ్చింది ఉర్దూ. తెలుగు రాలేదు. రెండు భాషలు తెలిసినవాళ్లకు ఒక్కోసారి ఒకటి ముందు తిరిగొస్తుందని, రెండోది తర్వాత రావచ్చు, రాకపోవచ్చని డాక్టర్ చెప్పాడు. నేను చెప్పేది అవ్వకు అర్థమయ్యేది. అవ్వ చెప్పేదే నాకు కాదు. బజారు ఉర్దూ రెండు ముక్కలు నాకూ వచ్చు, కానీ వంకర పోయిన మూతిలోంచి వచ్చేది పట్టుకోవడం నా వల్ల కాలేదు.

పక్కింటామె రోజూ వచ్చేది. అవ్వ ఆమెతో గంటసేపు మాట్లాడి నవ్వేది. మూత్రం గుడ్డలు ఉతికేది నేను, ముచ్చట్లు ఆమెతోనా? ఒకరోజు ఆమెను గుమ్మంలోనే ఆపి అబద్ధం చెప్పాను.

"డాక్టర్ సాబ్ ఎవ్వలితోని మాట్లాడనియ్యొద్దన్నడు."

ఆమె నన్ను ఒకసారి చూసి, తెచ్చిన టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మరుసటి రోజు నుంచి అవ్వది ఒకటే గోల. నన్ను చూడగానే ఎడమ చెయ్యి ఊపుతూ అదే మాట. నీళ్లిస్తే పక్కకు నెట్టింది. దుప్పటి కప్పితే లాగేసింది. ఆమెనే కలవరిస్తుందనుకున్నాను. "కన్నబిడ్డను నేనుండంగ ఆమె ఎందుకే నీకు?" అని అరిచాను కూడా. అవ్వ కళ్లనిండా నీళ్లు. మూడో రోజు అన్నం ముట్టలేదు.

ఇక తప్పక పోయి పిలిచాను. ఆమె చెప్పులేసుకుని వచ్చింది. అవ్వ నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. తర్వాత నా చేతుల వంక చూసింది.

"నీ చేతులు బోసిగ ఉన్నయంటున్నదక్కా. పెండ్లైన పిల్ల గాజులు లేకుంట తిరుగుతున్నది, ఎవ్వలూ సూస్తలేరా అని ఏడుస్తున్నది."

అవ్వకు ఒళ్లు తుడిచేటప్పుడు గీసుకుంటున్నాయని నేనే తీసేశాను. తీసి ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

ఆమె దుకాణానికి పోయి డజను పచ్చ గాజులు తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది. అవ్వ ఎడమ చేత్తో ఒక గాజు తీసి పైకి చూసింది.

"హాత్ దే బేటీ."

నేను అలవాటుగా పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాను.

ఆమె కదల్లేదు. "నన్ను గాదక్కా," అన్నది. "నిన్నే."