ఫ్యాన్ వైరు

మూడు నెలల కిందట, నా భార్య చివరి రోజున, ఆమెను పూండి నుంచి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. రైల్వే గేటు పడింది. నిలబడిన చోటే మా పాత కారు వేడెక్కి ఆగిపోయింది. ఆమె ఆసుపత్రికి చేరలేదు.

ఈ రోజు ధైర్యం చేసి బోనెట్ తెరిచాను. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ఫ్యాన్ వైరు పీకేసి ఉంది. పలాస వెళ్లి, అంతకుముందు కారు బాగుచేసిన మెకానిక్‌ను నిలదీశాను.

“ఫేను తిరిగితే, నిలబెట్టి ఐడిలింగులో ఉంచినప్పుడు బండి ఆగిపోతందని మీరే కదేటి మేస్టారూ సెప్పినారు? అందుకే పీకీసినాను.”

“ఐడిలింగ్ స్క్రూ కాస్త తిప్పితే సరిపోయేది కదయ్యా!”

“అప్పుడు బాగుందని మెచ్చుకున్నారు కదేటి?”

మెచ్చుకున్నాను. అదే మింగుడుపడటం లేదు. అతని చేతిలో పడ్డ బండ్లు మీలో ఎవరికైనా ఉంటే చూసుకుని చెప్పండి.

రేపు ఉదయం అతని షెడ్డు ముందు నిలబడి, వచ్చిన ప్రతి కారు బోనెట్ తీయించి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూస్తాను.